వానాకాలానికీ ఒక లెక్క: అల్లవరం నిర్మాణ కార్మికుల భద్రత

తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులపాటు, చేపలు గుడ్లు పెట్టే కాలమన్న కారణంతో ఇంజన్ల మీద నడిచే పడవల వేటను ప్రభుత్వం నిషేధిస్తుంది. ఆ రెండు నెలలూ వల ఒడ్డునే ఉంటుంది కనుక, ఇంట్లో పొయ్యి ఆరకుండా మత్స్యకార కుటుంబానికి వేట నిషేధ భృతి చెల్లించడం ఆంధ్రప్రదేశ్‌లో స్థిరపడిన పద్ధతి. 2019లో 10,000 రూపాయలుగా నిర్ణయమైన ఆ భృతి 2025లో 20,000 రూపాయలకు పెరిగింది. కోనసీమలో వైనతేయ పాయ సముద్రంలో కలిసే చోటునున్న ఓడలరేవుకు, ఆ గ్రామం ఉన్న అల్లవరం మండలానికి ఈ ఏర్పాటు బాగా పరిచితమైనదే. అదే మండలంలో తాపీ పట్టి, ఇటుక మోసి, ఇనుము వంచి ఇళ్లు కట్టే మనుషులకు కూడా ఏటా పని ఆగిపోయే నెలలున్నాయి. కాని ఆ విరామానికి గెజిట్‌లో తేదీలు లేవు, ఖజానాలో పద్దు లేదు. ఋతువును బట్టి పని దొరికే నిర్మాణ కార్మికులకు ఉద్యోగ సదుపాయాలు ఎలా అందించవచ్చో, అందుకు ఇప్పటికే ఉన్న చట్టాలు ఎంతవరకు తోడ్పడతాయో, ఎక్కడ ఆగిపోతున్నాయో వివరించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా మాటలకు అర్థం స్థిరపరచుకోవడం అవసరం. పని చేసిన రోజుకు చేతికి వచ్చే మొత్తం కూలి. పని చేయలేని రోజున, అంటే జబ్బు చేసినప్పుడు, దెబ్బ తగిలినప్పుడు, ప్రసవమైనప్పుడు, వయసు మీద పడినప్పుడు, ఆ పని కారణంగానే దక్కే ఆసరా ఉద్యోగ సదుపాయం. నెల జీతగాడికి ఈ రెండూ ఒకే యజమాని దగ్గర దొరుకుతాయి. నిర్మాణ రంగంలో యజమాని ఎవరన్నదే చిక్కు ప్రశ్న. ఊళ్లో ఇల్లు కట్టించుకునే గృహస్థు పనిని తాపీ మేస్త్రికి అప్పగిస్తాడు. మేస్త్రి తన ముఠాను, అంటే తన వెంట తిరిగే పనివాళ్ల జట్టును, రోజుకూలి మీదనో గుత్త మీదనో పెట్టుకుంటాడు. గుత్త అంటే రోజులతో సంబంధం లేకుండా పని మొత్తానికి ఒక ధర మాట్లాడుకోవడం. సెంట్రింగు వేసేవారిది ఒక ముఠా, రాడ్ బెండింగ్ వారిది మరొకటి, స్లాబు రోజున కాంక్రీటు మోసేవారిది ఇంకొకటి. ఏడాదిలో ఒక్కో కూలీ పది ఇళ్ల దగ్గర పని చేయవచ్చు, ఆ పదింటిలో ఏ ఒక్కరూ తాము అతని యజమానులమని అనుకోకపోవచ్చు. సదుపాయాలను యజమాని హాజరు పట్టీకి కట్టివేసినంత కాలం ఇటువంటి కార్మికుడు వాటికి బయటే మిగిలిపోతాడు.

ఇక ఋతువు సంగతి. కోనసీమలో నిర్మాణం ఆగడానికి మూడు కారణాలు దాదాపు ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరతాయి. మొదటిది నీరు: భూగర్భజలం పైపైనే ఉండే ఈ డెల్టా నేలలో వానలు పడ్డాక పునాది గోతుల్లో నీళ్లూరుతాయి, జూలై ఆగస్టు నెలల్లో గోదావరికి వరద వస్తే లంక గ్రామాలకు దారులే ఉండవు, ఆ గండం గడిచాక అక్టోబరు నవంబరుల్లో తుపానులు కాచుకుని ఉంటాయి. రెండవది సరుకు: వరద కాలంలో నదిలో ఇసుక తవ్వకం సాగదు, పచ్చి ఇటుక వానకు కరిగిపోతుంది కనుక బట్టీలు చల్లారిపోతాయి. మూడవది ఆచారం: ఆషాఢం, భాద్రపదం వంటి శూన్యమాసాల్లోను, గురు శుక్ర మూఢాల్లోను శంకుస్థాపనకు గాని గృహప్రవేశానికి గాని ముహూర్తాలు పెట్టరు. పూర్వం ఈ ఖాళీని వ్యవసాయం కొంత పూడ్చేది. సార్వా ఊడ్పులకో కొబ్బరి దింపుకో వెళ్లి తాపీ కూలీలు రోజులు వెళ్లదీసుకునేవారు. అయితే 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు సాగు గిట్టుబాటు కావడం లేదని పంట విరామం ప్రకటించినప్పుడు ఆ ప్రత్యామ్నాయం ఎంత బలహీనమైనదో తేలిపోయింది. 2019లో రాష్ట్రమంతటా ఇసుక దొరకక నెలల తరబడి నిర్మాణాలు నిలిచిపోయినప్పుడు, ఋతువుకు విధాన లోపం కూడా తోడైతే కూలి కుటుంబాలు ఏ స్థితికి చేరతాయో లోకానికి తెలిసింది.

ఈ కార్మికులకంటూ ప్రత్యేక చట్టం లేకపోలేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చిపెట్టిన తుపానులో వెయ్యి మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు, లక్షల ఇళ్లు దెబ్బతిన్నాయి, కొబ్బరి తోటలు మొదళ్లతో సహా కూలిపోయాయి. ఆ పల్లెలను మళ్లీ నిలబెట్టినవి తాపీ పట్టిన చేతులే. సరిగ్గా ఆ ఏడాదిలోనే పార్లమెంటు భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టాన్నీ, దానికి నిధిని సమకూర్చే సెస్సు చట్టాన్నీ చేసింది. సెస్సు అంటే ఒక నిర్దిష్ట ప్రయోజనం కోసమే వసూలు చేసే సుంకం. ఇక్కడ అది నిర్మాణ వ్యయంలో నూటికి ఒక రూపాయి. అంటే కోటి రూపాయల కట్టడం లేచిన ప్రతిసారీ లక్ష రూపాయలు కార్మికుల సంక్షేమ నిధికి చేరాలి. ఈ చట్టం ప్రత్యేకత ఏమిటంటే, ఏ ఒక్క యజమానినీ జీవితకాలపు బాధ్యుణ్ణి చేయకుండా, కట్టించే వారందరి దగ్గరా కొంచెం కొంచెంగా తీసి ఒక్కచోట కూడబెట్టి, కార్మికుడు ఎక్కడ పని చేసినా అతనికి ఆసరా ఇవ్వడానికి సంక్షేమ బోర్డు అనే వ్యవస్థను ఏర్పరచడం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ చట్టం కింద నియమావళి 1999లో, బోర్డు 2007లో ఏర్పడ్డాయి. ప్రమాద సహాయం, వైద్య ఖర్చు, ప్రసూతి సహాయం, పిల్లల చదువు, బీమా ప్రీమియం, గృహ రుణం, 60 ఏళ్ల తరువాత పింఛను చట్టం పేర్కొన్న సదుపాయాలలో ముఖ్యమైనవి.

బోర్డులో సభ్యత్వానికి షరతులు రెండు: వయసు 18, 60 ఏళ్ల మధ్య ఉండాలి; గడచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. సంవత్సరంలో నాలుగో వంతు పని చేసినా చాలునన్న ఈ రెండవ షరతు ఋతుకాల కార్మికుణ్ణి దృష్టిలో పెట్టుకున్నదే. నవంబరు చివర నుంచి జూన్ నడుమ వరకు ఆరున్నర నెలల పొడి కాలంలో నెలకు 14 రోజుల చొప్పున పని దొరికినా 90 రోజులు పూర్తవుతాయి. రోజులు దొరకడం కంటే, దొరికిన రోజులకు సాక్ష్యం చూపడమే అసలు కష్టం. పది ఇళ్ల దగ్గర పని చేసిన కూలీకి ధ్రువపత్రం ఏ ఇంటివారు ఇవ్వాలి? మేస్త్రి జేబులోని చిట్టా పుస్తకంలో పేరు ఎదురుగా గీసిన గీతలు శనివారం కూలి పంచగానే చెరిగిపోతాయి. ఆ గీతలను తేదీతో, పని స్థలంతో, సంతకంతో ఏడాది పొడవునా నిలిపి ఉంచితే అవే కార్మికుడి హక్కుకు ఆధారమవుతాయి. తట్ట మోసే ఆడకూలీల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం; భార్యాభర్తలు కలిసి వచ్చిన చోట ఇద్దరి రోజులూ భర్త పేరు కిందనే రాసే అలవాటు వల్ల ప్రసూతి సహాయానికి అర్హురాలైన స్త్రీ కాగితాల మీద కనిపించకుండా పోతుంది.

నిధి ఉన్నంత మాత్రాన అది చేరవలసిన చోటికి చేరదని అనుభవం చెబుతున్నది. 2018 మార్చి 19న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం దేశవ్యాప్తంగా ఈ సెస్సు కింద 37,400 కోట్ల రూపాయలకు పైగా వసూలైతే, కార్మికుల కోసమని ఖర్చు చేసింది సుమారు 9,500 కోట్లు మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లోనూ బోర్డు పథకాలను పునరుద్ధరించాలని, నిధిని కార్మికులకే వినియోగించాలని భవన నిర్మాణ కార్మిక సంఘాలు పదే పదే రోడ్డెక్కవలసి వచ్చింది. ఎండలో కారిన చెమట నుంచి పుట్టిన సొమ్ము ఖాతాల్లో నిద్రపోతూ ఉంటే, అదే చెమట చిందించిన మనిషి వానాకాలంలో వడ్డీకి అప్పు తేవడం న్యాయం కాదు.

పెద్ద పనుల దగ్గర పరిస్థితి కొంత భిన్నం. అల్లవరం మండల పరిధిలోనే ఓడలరేవు దగ్గర ఓఎన్‌జీసీ టెర్మినల్ ఉంది. బోడసకుర్రు దగ్గర వైనతేయ మీద కోటిపల్లి, నరసాపురం రైలుమార్గపు వంతెన పనులు సాగుతూ వచ్చాయి. ఇటువంటి చోట గుత్తేదారు దగ్గర 20 మందికి పైగా పని చేస్తారు కనుక భవిష్య నిధి వర్తిస్తుంది. భవిష్య నిధి అంటే కూలిలో నూటికి 12 రూపాయలు కార్మికుడు, అంతే మొత్తం యజమాని కలిపి వేసే పొదుపు. యజమాని వాటాలో 8.33 శాతం పింఛను ఖాతాకు పోతుంది, మొత్తం 10 ఏళ్ల సర్వీసు నిండితే పింఛనుకు అర్హత వస్తుంది. మూడు నెలల పనికే ఇదంతా ఎందుకని చాలామంది భావిస్తారు గాని, సభ్యత్వం చేరిన మొదటి రోజు నుంచే మొదలవుతుంది; 2014 నుంచి అమలులో ఉన్న సార్వత్రిక ఖాతా సంఖ్య వల్ల ఈ ఏడాది బోడసకుర్రులో, వచ్చే ఏడాది మరొక జిల్లాలో చేసిన సర్వీసును ఒకే వరుసలో కూడుకోవచ్చు. అందుకని గుత్తేదారు మారిన ప్రతిసారీ కొత్త ఖాతా తెరవకుండా పాత సంఖ్యనే ఇవ్వడం, పని ముగియగానే ఆ చిన్న మొత్తాన్ని తీసేయకుండా ఉంచడం కార్మికుడికి మేలు.

రాజ్య బీమా, అంటే ఈఎస్ఐ, మరొక ముఖ్యమైన సదుపాయం. పది మంది గాని అంతకు మించి గాని పని చేసే సంస్థల్లో, నెలకు 21,000 రూపాయల లోపు వేతనం ఉన్నవారికి ఇది వర్తిస్తుంది, కార్మికుడు 0.75 శాతం, యజమాని 3.25 శాతం చెల్లిస్తారు. ఇందులో ఋతుకాల కార్మికుడికి ఉపయోగపడే ఒక లెక్క ఉంది. చందా కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి వరకు ఇంకొకటి. ఒక చందా కాలంలో 78 రోజులకు చందా చెల్లితే, దానికి జతపడిన ప్రయోజన కాలంలో జబ్బు పడినవారికి కూలిలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు భృతి వస్తుంది. అక్టోబరు నుంచి మార్చి వరకు చెల్లించిన చందాకు ప్రయోజన కాలం జూలై నుంచి డిసెంబరు వరకు. అంటే ఆ ఆరు నెలల్లో 78 రోజులు పని చేసినవాడికి, జ్వరాలు ఎక్కువగా వచ్చే వానాకాలంలోనే రక్షణ దొరుకుతుందన్నమాట. డెల్టా ఋతుచక్రానికి ఇంతగా అతికే ఈ నియమం ఉపయోగపడాలంటే గుత్తేదారు 70 రోజులకు పేరు తొలగించి కొత్త మనిషిని పెట్టుకోకూడదు. మరో ఎనిమిది రోజుల కొనసాగింపు ఒక కుటుంబానికి మూడు నెలల ధైర్యమవుతుంది.

పని చేసినన్నాళ్లకు కృతజ్ఞతగా చెల్లించే గ్రాట్యుటీ విషయంలోనూ చట్టానికి ఋతువు తెలుసు. ఏడాదంతా నడవని సంస్థల్లో పని చేసేవారికి ఒక్కో సీజనుకు ఏడు రోజుల కూలి చొప్పున గ్రాట్యుటీ లెక్కకట్టాలని 1972 నాటి చట్టం చెప్పింది. ఇది ప్రధానంగా చక్కెర మిల్లుల వంటి వాటికి ఉపయోగపడిన నియమమే అయినా, విరామం వచ్చినంత మాత్రాన బంధం తెగిపోదన్న సూత్రం అందులో ఉంది. బోనసు చట్టం గుత్తేదారుల కింద పనిచేసే భవన కార్మికులను చాలా కాలం బయటనే ఉంచి, 2007 సవరణతో లోపలికి తీసుకుంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి పాత చట్టాలను ఒక్కచోట చేర్చి, నిర్ణీత కాలపు ఒప్పందం మీద పని చేసేవారికి ఏడాది పూర్తయినా గ్రాట్యుటీ దక్కేలా చేసింది. అయితే అదే స్మృతి, సొంత నివాసానికి కట్టుకునే ఇంటి వ్యయం 50 లక్షలు దాటకపోతే సెస్సు పరిధిలోకి రాదని కూడా చెప్పింది. పాత చట్టంలో ఆ హద్దు 10 లక్షలు. అల్లవరం వంటి చోట లేచే ఇళ్లలో అధిక భాగం ఈ హద్దు లోపలివే కావడం వల్ల, చిన్న పనుల దగ్గర చట్టం చేయి చాలని ఖాళీని గృహస్థులూ మేస్త్రులూ తమ పూనికతో పూరించవలసి ఉంటుంది.

ఆ పూనిక పెద్ద భారం కాదు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు మనిషికి ఏడాదికి 20 రూపాయలు, జీవన జ్యోతి బీమాకు 436 రూపాయలు చెల్లిస్తే, ప్రమాదంలో మరణానికి మొదటి దాని కింద రెండు లక్షలు, ఏ కారణంతో మరణించినా రెండవ దాని కింద రెండు లక్షలు కుటుంబానికి అందుతాయి. మొదటిది 70 ఏళ్ల వరకు, రెండవది 50 ఏళ్లలోపు చేరేవారికి వర్తిస్తుంది. పది మంది ముఠాకు రెండు బీమాలూ కలిపి ఏడాదికి 4,560 రూపాయలు. ఇల్లు కట్టించే గృహస్థు సామాను అంచనాలో ఇనుము, సిమెంటు, ఇసుకలతో పాటు ఈ పద్దును కూడా ఒక వరుసగా రాయించుకుంటే మొత్తం వ్యయంలో అది కంటికి కూడా కనిపించదు. దీన్ని దాతృత్వమని అనుకోవడం పొరపాటు. పని స్థలంలో పరంజా విరిగి, అంటే గోడ పక్కన నిలబడి పని చేయడానికి కట్టిన కర్రల మంచె కూలి, 30 ఏళ్ల కార్మికుడు మరణిస్తే, నెల కూలిని గరిష్ఠంగా 15,000గా పరిగణించే 2020 నాటి ప్రకటన ప్రకారం, అందులో సగాన్ని వయసుకు నిర్ణయించిన 207.98 అనే గుణకంతో హెచ్చవేస్తే పరిహారం 15 లక్షల 59 వేల 850 రూపాయలవుతుంది. ఈ బాధ్యతను చిన్న మేస్త్రి తన చేతి సొమ్ముతో తీర్చలేడు. కనుక పని మొదలయ్యే ముందే పరిహార బీమా తీసుకోవడం అతని రక్షణకూ కూలీల రక్షణకూ ఒకే మార్గం.

మిగిలినది అసలు ప్రశ్న: పని లేని నెలల మాటేమిటి? జర్మనీలో డిసెంబరు 1 నుంచి మార్చి 31 వరకు మంచు వల్ల నిర్మాణం ఆగితే, కార్మికుణ్ణి తొలగించకుండా ఉంచి, కోల్పోయిన నికర వేతనంలో 60 శాతం, పిల్లలున్నవారికి 67 శాతం భృతిగా ఇచ్చే పద్ధతి ఉంది. అక్కడే యజమానులందరూ చందా వేసే సోకా-బావు అనే ఉమ్మడి నిధి ద్వారా, ఎంతమంది దగ్గర పని మారినా సెలవు జీతం కార్మికుడి వెంటే వస్తుంది. మహారాష్ట్రలో 1969 నాటి మాథాడీ హమాలీల చట్టం కింద యజమానులు కూలినీ దానిపై అదనపు వాటానూ బోర్డుకే జమ చేస్తే, బోర్డే కూలి పంచి, భవిష్య నిధి, బోనసు వంటివి చూసుకుంటుంది. గాలి కాలుష్యం వల్ల నిర్మాణాలను ఆపివేసినప్పుడు ఢిల్లీ ప్రభుత్వం నమోదైన కార్మికులకు 2021లో 5,000, 2024లో 8,000 రూపాయల చొప్పున చెల్లించింది. ఆగిన పనికి భృతి ఇవ్వడం సాధ్యమేనని చెప్పడానికి ఈ ఉదాహరణలు చాలు. సంయుక్త అరబ్ ఎమిరేట్స్‌లో ఏడాది పూర్తిచేసినవారికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం చొప్పున సేవాంత చెల్లింపు హక్కుగా ఉంది. గల్ఫ్‌కు మనుషులను పంపిన కోనసీమ కుటుంబాలకు ఈ మాట కొత్తది కాదు. ఎడారి దేశంలో దక్కే పాటి గుర్తింపు సొంత ఊళ్లో ఇల్లు కట్టిన చేతికి కూడా దక్కాలి.

కోనసీమకు తగిన కొలమానం గోదావరే ఇస్తున్నది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీ అవుతాయి; క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. 2022 జూలైలో ఆ ప్రవాహం 25 లక్షలు దాటింది. బోర్డులో నమోదై, వరదకు ముందటి 12 నెలల్లో 90 రోజుల పని చూపగల కార్మికులకు, మొదటి హెచ్చరిక వెలువడిన నాటి నుంచి హెచ్చరిక ఉపసంహరించేదాకా రోజుకు ఇంత అని సంక్షేమ నిధి నుంచి చెల్లించే నియమం చేస్తే, ఎవరి దయకూ, ఎవరి సిఫారసుకూ తావుండదు. తుపాను హెచ్చరికలకూ ఇదే పద్ధతి వర్తింపజేయవచ్చు. వేట నిషేధానికి తేదీలు ఉన్నట్టే తాపీ విరామానికి నీటిమట్టం తేదీ అవుతుంది.

ఇది జరగడానికి పునాది మాత్రం ఊళ్లోనే పడాలి. మేస్త్రి చిట్టా పుస్తకం ఏడాదంతా నిలవాలి, ఆడకూలీ పేరు విడిగా రాయాలి, వానలు మొదలు కాకముందే, అంటే మే నెలలోనే, 90 రోజుల ధ్రువపత్రాలు తయారై బోర్డుకు దరఖాస్తులు చేరాలి, గృహస్థు బీమా పద్దును అంచనాలో చేర్చాలి, గుత్తేదారు పాత ఖాతా సంఖ్యనే కొనసాగించాలి. ఓడలరేవులో వల ఆరవేసిన ఇంటికి ఏప్రిల్‌లో దక్కే భరోసా, అదే వీధిలో తాపీ కడిగి చూరులో పెట్టిన ఇంటికి జూలైలో దక్కిన రోజున ఈ తీరంలో శ్రమకు రెండు కొలతలు ఉండవు.